అకిరా అనే పేరుకు అర్థం ఏమిటి? ముందు ఏ అకిరా అని అడగాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పుట్టబోయే బిడ్డకు అకిరా అని పేరు పెట్టాలనుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట వెలుగు అని, ఒకచోట తెలివైనవాడు అని, ఇంకోచోట శరదృతువు అని, మరోచోట స్ఫటికం, వేకువ, సొగసైన బలం అని కనిపించింది. వీటిలో ఏది నిజం, అమ్మాయి పుడితే ఈ పేరు పెట్టవచ్చా, నామకరణం పత్రిక మీద జపనీస్ అక్షరం వేయిస్తే ఏది వేయించాలి అన్నవి మీ సందేహాలు. చాలా ఏళ్లుగా జపనీస్ నేర్పుతూ, అక్కడి నుంచి వచ్చే పత్రాలను అనువదిస్తూ ఉన్నాను. ఆ పనిలో నేను ఎక్కువసేపు ఆగేది మనుషుల పేర్ల దగ్గరే. అందుకని కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. "సొగసైన బలం" అన్నదానికి జపనీస్‌లో ఆధారం లేదు, దాన్ని వదిలేయండి. మిగిలినవన్నీ నిజమే. కాకపోతే అవన్నీ ఒకే మనిషికి వర్తించవు. ఒక అకిరా వెలుగు, ఇంకో అకిరా స్ఫటికం, మరో అకిరా వేకువ. ఫలానా మనిషి పేరును ఏ అక్షరంతో రాస్తారో తెలిస్తేనే అతని పేరుకు అర్థం చెప్పగలం.

జపాన్‌లో పేరుకు రెండు పొరలు ఉంటాయి. ఒకటి చెవికి వినిపించేది: అ, కి, ర అనే మూడు హ్రస్వ ధ్వనులు. రెండోది కంటికి కనిపించేది: ఆ ధ్వనుల కోసం తల్లిదండ్రులు ఎంచుకున్న అక్షరం. ఒకప్పుడు చైనా నుంచి వచ్చిన ఈ అక్షరాలను జపాన్‌లో కంజి అంటారు. మన లిపిలో 'ర' అని రాస్తే అది ధ్వని మాత్రమే, దానికంటూ అర్థం లేదు. కంజిలో ప్రతి అక్షరమూ అర్థాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. దానికి చైనా ఉచ్చారణ నుంచి పుట్టిన పలుకుబడి ఒకటి, అదే అర్థం గల సొంత జపనీస్ మాటతో చదివే పలుకుబడి ఒకటి సాధారణంగా ఉంటాయి. వీటికి తోడు మనుషుల పేర్లలో మాత్రమే వాడే పలుకుబళ్లు మరికొన్ని ఉంటాయి. వాటిని "నానోరి" అంటారు. అకిరా అనే పేరులో ఇన్ని అర్థాలు చేరింది ముఖ్యంగా ఈ నానోరి వల్లనే. అకిరా అని చదవదగిన అక్షరాలు పేర్ల నిఘంటువుల్లో డజన్ల కొద్దీ ఉంటాయి. నిత్యజీవితంలో తరచుగా ఎదురయ్యేవి పదీ పన్నెండు.

అలాగని ఆ ధ్వనికి సొంత అర్థమేమీ లేదని అనుకోకండి. అకిరా వెనక అచ్చ జపనీస్ మాటల కుటుంబం ఒకటి ఉంది. "అకరుయి" అంటే వెలుతురుగా ఉన్నది. "అకెరు" అంటే తెల్లవారడం. "అకిరక" అంటే స్పష్టమైనది, దాపరికం లేనిది. తెలుగువాళ్లకు ఈ కుటుంబాన్ని పరిచయం చేయడం చాలా తేలిక. మనకూ తెలుపు, తెల్లవారు, తెలియు, తెలివి అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవే కదా. చీకటి విడితే వస్తువు కనబడుతుంది, కనబడితే తెలుస్తుంది, తెలిసినవాడు తెలివిగలవాడు. జపనీస్‌లోనూ ఆలోచన ఇదే దారిలో నడిచింది. అందుకే వెలుగు అన్న అక్షరాన్నీ, వేకువ అన్న అక్షరాన్నీ, వివేకం అన్న అక్షరాన్నీ "అకిరా" అని చదవడం జపాన్‌వారికి వింతగా తోచదు. శరదృతువు సంగతి తర్వాత చెబుతాను. అది తప్ప మీరు చూసిన అర్థాలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించినా, అడుగున ఉన్న భావం ఒకటే: మసక విడిపోవడం.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే పరిచయమైనది సూర్యుడి పక్కన చంద్రుణ్ణి పెట్టి రాసే అక్షరం. ఎనిమిది గీతలు, అర్థం వెలుగు. పాత రూపాల్లో ఎడమవైపు సూర్యుడికి బదులు కిటికీ ఉండేది, అంటే కిటికీలోంచి పడే వెన్నెల అన్నమాట. కాలక్రమంలో సూర్యచంద్రుల రూపమే స్థిరపడింది. జపాన్‌లో ఒక్కో చక్రవర్తి పాలనాకాలానికి ఒక యుగం పేరు ఉంటుంది. 1868లో మొదలైన మెయిజి యుగం పేరులో "మెయి" ఈ అక్షరమే. 1989 నుంచి 2019 వరకు చక్రవర్తిగా ఉన్న అకిహితో పేరులో మొదటి సగం కూడా ఇదే. సినిమా దర్శకుడు అకిరా కురొసావా 1910లో, మెయిజి యుగం చివర్లో పుట్టారు, ఆయన పేరు ఈ అక్షరంతోనే రాస్తారు. ఆయన ఇంటిపేరుకు "నల్లని చిత్తడి నేల" అని అర్థం. ఇంటిపేరులో నలుపు, సొంత పేరులో వెలుగు. నలుపు తెలుపు సినిమాల్లో నీడకూ ఎండకూ అంత విలువ ఇచ్చిన మనిషికి ఈ పేరు కుదరడం యాదృచ్ఛికమే అయినా, రాసి చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. 2024లో కన్నుమూసిన మాంగా (జపనీస్ బొమ్మల కథలు) చిత్రకారుడు అకిరా తొరియామాది కూడా ఇదే అక్షరం. ఆయన ఇంటిపేరులో పక్షి, కొండ ఉన్నాయి.

రెండోది, సూర్యుడి పక్కన "పిలవడం" అనే అక్షరం ఉండేది. పిలుపు ఇక్కడ అర్థం కోసం వచ్చింది కాదు, చైనా ఉచ్చారణను సూచించడానికి వచ్చింది. అర్థం ప్రకాశించడం. షోవా యుగం పేరులో మొదటి అక్షరం ఇదే. 1926 డిసెంబరు 25న ఆ యుగం మొదలైనప్పుడు చైనా ప్రాచీన గ్రంథంలోని ఒక వాక్యం నుంచి ఆ రెండక్షరాల పేరును తీసుకున్నారు. అంతకుముందు జపాన్‌లో ఈ అక్షరం వాడుక తక్కువ. యుగం మొదలయ్యాక పిల్లల పేర్లలోకి వెల్లువలా వచ్చింది. షోవా రెండో ఏట, అంటే 1927లో పుట్టిన మగపిల్లలకు "షోజి" అని, మూడో ఏట పుట్టినవారికి "షోజో" అని పెట్టేవారు. ఆ పేర్లలో రెండు, మూడు అన్న అంకెలే ఉంటాయి. ఇదే అక్షరాన్ని ఒంటరిగా రాసి అకిరా అని చదివించినవారూ చాలామంది. అయితే ఈ అక్షరం కనబడగానే మనిషి 1926 తర్వాత పుట్టాడని తేల్చేయకూడదు. 1954లో గాడ్జిల్లా సినిమాకు సంగీతం కూర్చిన అకిరా ఇఫుకుబే పేరులో ఉన్నదీ ఇదే. ఆయన పుట్టింది 1914లో, షోవా యుగానికి పన్నెండేళ్ల ముందు.

నాకు బాగా ఇష్టమైన జంట ఇప్పుడు చెబుతాను. రసాయన శాస్త్రంలో నోబెల్ పొందిన అకిరాలు ఇద్దరున్నారు. ఒకరు 2010లో పొందిన అకిరా సుజుకి. కార్బన్ పరమాణువులను పల్లేడియం సాయంతో జోడించే పద్ధతిని హొక్కయిదో విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేశారు. ఆ పద్ధతి నేడు మందుల తయారీలో విరివిగా వాడుకలో ఉంది. మరొకరు 2019లో పొందిన అకిరా యోషినో. మన ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి వాడదగిన రూపం ఇచ్చినవారు. తెలుగు పత్రికల్లో ఇద్దరి పేరూ ఒకటే. జపాన్ పత్రికల్లో వేరు. సుజుకిగారి అక్షరం పదకొండు గీతలది. "రచన" అనే మాటలో, పుస్తకంలో అధ్యాయం అనే మాటలో, యూనిఫాం మీద పెట్టుకునే చిహ్నం అనే మాటలో వచ్చేది అదే. ప్రాచీన చైనా నిఘంటువు దాన్ని సంగీతం, పది అని రెండు భాగాలుగా విడదీసి, ఒక సంగీత ఖండం పూర్తి కావడమని వివరించింది. యోషినోగారి అక్షరం ఏమిటంటే, ఆ పదకొండు గీతలకే కుడిపక్కన మూడు ఏటవాలు గీతలు చేర్చినది. ఆ మూడు గీతలు అలంకారానికి, మెరుపుకు గుర్తు. దాంతో అర్థం "అందరికీ కనబడేలా వెల్లడించడం" అయింది. ఒకరి సేవను గుర్తించి బహిరంగంగా సత్కరించడం అనే జపనీస్ మాటలో ఈ అక్షరమే వస్తుంది. పేరులోనే బహిరంగ సత్కారం ఉన్న మనిషి స్టాక్‌హోం వేదిక ఎక్కారు. ఇలాంటివి తెలుగులోకి అనువదించినప్పుడు జారిపోతాయే అని నాకు ప్రతిసారీ బెంగగా ఉంటుంది.

మూడు సూర్యుళ్లను ఒకరి మీద ఒకరు పెట్టి రాసే అక్షరం ఇంకొకటి. పైన ఒకటి, కింద రెండు. అర్థం స్ఫటికం. మొదట్లో ఆ మూడూ సూర్యుళ్లు కావు, మిణుకుమనే నక్షత్రాలు. మీరు చూసిన "స్ఫటికం" అర్థం ఇక్కడి నుంచి వచ్చింది. అమ్మాయికి పెట్టవచ్చా అన్న మీ ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు మొదలవుతుంది. జపాన్‌లో అకిరా ప్రధానంగా మగవాళ్ల పేరే. అయినా అమ్మాయిలకు పెట్టినప్పుడు ఈ స్ఫటికం అక్షరాన్ని ఎంచుకోవడం కద్దు. ఈ అక్షరానికి సాహిత్యంలో పెద్ద ముత్తైదువ ఉంది: 1878 నుంచి 1942 వరకు జీవించిన కవయిత్రి అకికో యోసానో. ఆమె అసలు పేరు "షో". దాన్ని పుట్టినప్పుడు ధ్వనిని మాత్రమే సూచించేలా రాశారు. కవిత్వం రాయడం మొదలుపెట్టాక ఆమె అదే "షో" అని పలికే స్ఫటికం అక్షరాన్ని ఎంచుకుని, దానికి స్త్రీల పేర్ల చివర వచ్చే "కో" చేర్చి, మొత్తాన్ని "అకికో" అని చదివించింది. అమ్మానాన్నలు పెట్టిన ధ్వనిని వదులుకోకుండానే కొత్త అర్థాన్నీ, కొత్త ధ్వనినీ తెచ్చుకుంది. నానోరి అనేది ఎంత స్వేచ్ఛ ఇస్తుందో చెప్పడానికి నా తరగతుల్లో నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

"తెలివైనవాడు" అన్న అర్థం చెవి గుర్తు ఉన్న అక్షరం నుంచి వస్తుంది. విన్న వెంటనే గ్రహించేవాడు అని భావం. మామూలుగా దీన్ని "సతోషి" అని చదువుతారు, కొందరు అకిరా అని చదివిస్తారు. నటుడు అకిరా తెరావో అలాంటివారు, ఆయన ఆ అక్షరాన్ని పాత రూపంలో రాస్తారు. కురొసావా తన కలలను తెరకెక్కించిన 1990 నాటి సినిమాలో "నేను" అనే పాత్ర ఉంటుంది, అంటే దర్శకుడే. ఆ పాత్ర వేసింది ఈ తెరావో. ఒక అకిరాను మరో అకిరా అభినయించారు. ఒకరిది సూర్యచంద్రుల అక్షరం, ఒకరిది చెవి అక్షరం.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. వెలుతురు మీద సూర్యుణ్ణి నిలబెట్టిన పది గీతల అక్షరం ఒకటి, అది ధగధగ మెరవడం. "మంచి" పక్కన చంద్రుడు ఉన్నది ఒకటి, అర్థం నిర్మలమైన, ఉల్లాసమైన. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జపాన్ జట్టు కోచ్ అకిరా నిషినోది ఈ అక్షరం. చైనా మూడు రాజ్యాల కాలపు వ్యూహకర్త చూకే ల్యాంగ్ పేరులోని "ల్యాంగ్" అక్షరం ఇంకొకటి, జపాన్‌లో దాన్ని "ర్యో" అనీ చదువుతారు, అకిరా అనీ చదువుతారు. వేకువకు ఒకటి, ఉదయించే సూర్యుడికి ఒకటి. ఇవన్నీ ఒంటి అక్షరాలు. "అకి" కి ఒక అక్షరం, "ర" కి ఒక అక్షరం చొప్పున రెండింటితో రాసే అకిరాలూ ఉన్నారు. శరదృతువును జపనీస్‌లో "అకి" అంటారు. దాని పక్కన "మంచి" అనే అక్షరం చేర్చి "అకిరా" అని చదవవచ్చు. మీరు చూసిన శరదృతువు అర్థం ఈ రెండక్షరాల పేరుది. ఒంటి అక్షరపు అకిరాకు దానితో సంబంధం లేదు.

ఇక్కడిదాకా ఒక ధ్వనికి అనేక అక్షరాల గురించి చెప్పాను. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది, నా వృత్తిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. అక్షరం ఎదురుగా ఉంటుంది, ఎలా చదవాలో తెలియదు. సూర్యచంద్రుల అక్షరం ఉన్న మనిషి అకిరా కావచ్చు, "మెయి" అనే అమ్మాయి కావచ్చు. స్ఫటికం అక్షరం ఉన్నవారు అకిరా, అకి, షో ఎవరైనా కావచ్చు. "ర్యో" అక్షరం ఉన్న మనిషి మకోతో కూడా కావచ్చు. జపాన్‌లో పుట్టి పెరిగినవారైనా అడగకుండా తెలుసుకోలేరు. అందుకే అక్కడ దాదాపు ప్రతి దరఖాస్తులోనూ పేరు గడి పైన సన్నని గడి ఒకటి ఉంటుంది. పేరు పలికే తీరును అందులో ధ్వని అక్షరాల్లో రాయాలి. దాన్ని "ఫురిగానా" అంటారు. నా దగ్గరికి వచ్చే పత్రాల్లో ఆ గడి ఖాళీగా ఉంటే నేను ఊహించి రాయను, పంపినవారికి ఫోను చేసి కనుక్కుంటాను. పాస్‌పోర్టులో ఒకలా, అనువాదంలో ఇంకోలా ఉంటే ఆ మనిషి వీసా దగ్గర చిక్కుల్లో పడతారు.

ఇంకో విశేషం చాలామందికి తెలియదు. జపాన్ ప్రభుత్వపు కుటుంబ నమోదు పుస్తకంలో మొన్నమొన్నటి దాకా పేరు పలికే తీరు అధికారికంగా నమోదయ్యేది కాదు. అక్షరాలే ఉండేవి. అంటే చట్టం దృష్టిలో మనిషి పేరు ఒక రాత, ధ్వని కాదు. 2023లో చట్టం సవరించారు. 2025 మే 26 నుంచి పలికే తీరును కూడా అధికారికంగా నమోదు చేస్తున్నారు. మీ పేరును ఇలా పలుకుతారని మా దగ్గర ఉంది, తప్పయితే చెప్పండి అని స్థానిక కార్యాలయాలు ప్రజలకు ఉత్తరాలు పంపాయి. కొత్తగా పెట్టే పేర్లకు ఆ అక్షరాన్ని అలా చదవడం సమాజంలో అంగీకారమైనదై ఉండాలనే నియమం కూడా వచ్చింది.

ఆ నియమం రావడానికి కారణం "కిరకిర" పేర్లు. మన మాటలో మిలమిల పేర్లు అనవచ్చు. చంద్రుడు అనే అక్షరం రాసి "లూనా" అని చదవమనడం లాంటివి. దీన్ని ఈ తరం వింతపోకడగా తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. 14వ శతాబ్దంలోనే యోషిదా కెన్కో అనే బౌద్ధ సన్యాసి, అలవాటు లేని అక్షరాలతో మనుషులకు పేర్లు పెట్టడం వల్ల ప్రయోజనం లేదని రాశాడు. బిడ్డ పేరు అందరి పేర్లలా ఉండకూడదని తల్లిదండ్రులు కోరుకోవడం, పెద్దలు నొసలు ముడవడం ఆరేడు వందల ఏళ్లుగా సాగుతున్నదే.

అక్షరాల ఎంపికకు హద్దులున్నాయి. 1948కి ముందు ఏ అక్షరమైనా పెట్టుకోవచ్చు. ఆ ఏడాది నుంచి వాడుకకు నిర్దేశించిన 1,850 అక్షరాలకు పరిమితం చేశారు. పైన చెప్పిన ధగధగల అక్షరమూ, "ర్యో" అక్షరమూ ఆ జాబితాలో లేవు. జనం గట్టిగా అడగడంతో 1951లో పేర్ల కోసం ప్రత్యేకంగా 92 అక్షరాలు చేర్చినప్పుడు ఆ రెండూ తిరిగి వచ్చాయి. అంటే ఆ మధ్యకాలంలో పుట్టిన పిల్లలకు ఆ రెండు రకాల అకిరా దొరకలేదు. ఇప్పుడు నిత్య వాడుక జాబితాలో 2,136, దానికి తోడు పేర్లకు మాత్రమే అనుమతించినవి 860కి పైగా ఉన్నాయి.

అంతమంది అకిరాలు ఉన్న దేశంలో మనుషులు తమ పేరును ఎలా చెప్పుకుంటారో చూడండి. ఫోనులో "నా పేరు అకిరా" అనగానే అవతలివారు "ఏ అక్షరంతో రాస్తారండీ" అని అడుగుతారు. అది మర్యాదైన ప్రశ్న, ఆసక్తి చూపించే ప్రశ్న. జవాబు "మెయిజిలోని మెయి" అని వస్తుంది, లేదా "షోవాలోని షో", లేదా "రచన అనే మాటలోని షో", లేదా "సత్కారం అనే మాటలోని షో". ఊరికే "షో" అంటే చాలదు. ఎందుకంటే షోవా అక్షరం, సుజుకిగారి అక్షరం, యోషినోగారి అక్షరం, స్ఫటికం అక్షరం నాలుగింటికీ చైనా నుంచి వచ్చిన పలుకుబడి "షో" నే. అందరికీ తెలిసిన మాటలో పెట్టి చూపిస్తేనే తేలుతుంది. ఎన్నికల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్కడ ఓటరు అభ్యర్థి పేరును చీటీ మీద చేతితో రాయాలి. అందుకే చాలామంది అభ్యర్థులు పోస్టర్ల మీద పేరును కంజిలో కాక హిరగానా అనే ధ్వని లిపిలో రాయించుకుంటారు. పిల్లల పేరును పుట్టినప్పుడే హిరగానాలో నమోదు చేయించే తల్లిదండ్రులూ ఉన్నారు. అప్పుడు ఆ అకిరాకు ఫలానా అక్షరపు అర్థం అంటూ ఉండదు, పైన చెప్పిన "తెల్లవారు" కుటుంబపు వెలుగు ఒక్కటే మిగులుతుంది. నాకు అది కూడా అందమైన ఎంపికే అనిపిస్తుంది.

ఇక తెలుగులో రాయడం గురించి. ఇక్కడ మన లిపికి గొప్ప సౌలభ్యం ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. ఇంగ్లీషు రాతలో ఆ తేడా తరచుగా మాయమవుతుంది, మనం ఇంగ్లీషును చూసి రాస్తాం కాబట్టి మనమూ పోగొట్టుకుంటాం. "యుకి" అంటే హిమం కావచ్చు, సంతోషం కావచ్చు. "యూకి" అంటే ధైర్యం కావచ్చు. రెండూ వేర్వేరు పేర్లు, మన పత్రికల్లో రెండూ "యూకి" నే. "ఓనో" అనే ఇంటిపేరుకు పెద్ద పొలం అని అర్థం, "ఒనో" కు చిన్న పొలం. కళాకారిణి యోకో ఒనోది చిన్న పొలం, కాబట్టి ఆమె పేరును ఒత్వంతోనే రాయాలి. ఎ, ఒ లలో హ్రస్వ దీర్ఘాలు విడివిడిగా ఉన్న మన లిపికి ఇది ఒక చిన్న గీత పని. మీ అకిరా సంగతికి వస్తే, జపనీస్‌లో మూడూ హ్రస్వాలే. అసలు ఉచ్చారణకు దగ్గరి రాత "అకిర". ఈ సమాధానంలో మీరు రాసినట్టే అకిరా అని రాస్తూ వచ్చాను, అది తెలుగులో పాతుకుపోయిన రూపం. మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే జనన ధ్రువపత్రంలో రాయించండి. నా మాట వింటే మాత్రం "అకిర" అని రాయించండి, ఇందిర అన్నంత సహజంగా మన నోట పలుకుతుంది.

జపాన్‌లోనూ ఇంటిపేరే ముందు వస్తుంది, మన పద్ధతిలాగే. 2020 నుంచి అక్కడి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో రాసినా ఇంటిపేరును ముందు పెడుతున్నారు. కాబట్టి "కురొసావా అకిరా" అనడమే వారి వరస.

అమ్మాయికి పెట్టవచ్చా అంటే నిస్సందేహంగా పెట్టవచ్చు. జపాన్‌వారికి చెప్పినప్పుడు మొదట అబ్బాయి అనుకుంటారు, అంతే. స్ఫటికం అక్షరమని చెబితే వెంటనే తలూపుతారు.

పత్రిక మీద ఏ అక్షరం వేయించాలి అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఈ పని నిజంగా జపాన్ తల్లిదండ్రులు చేసే పనే. ముందుగా బిడ్డకు ఏది కోరుకుంటున్నారో ఒక్క మాటలో అనుకోండి. వెలుగు అయితే సూర్యచంద్రుల అక్షరం. చూసిన జపనీయులు తేలిగ్గా అకిరా అని చదవగలిగేది కూడా ఇదే. నిర్మలత్వం, గట్టిదనం అయితే స్ఫటికం. చదువు, రచన మీద మక్కువ ఉంటే సుజుకిగారి అక్షరం. మంచి పనితో నలుగురికీ తెలియాలని కోరుకుంటే యోషినోగారిది. వేకువ అక్షరం అర్థం ఎంత బాగున్నా, దాన్ని చూసినవారు ముందుగా "అకత్సుకి" అని చదువుతారు, కాబట్టి పక్కన ఫురిగానా తప్పనిసరి. అక్కడ గీతల సంఖ్య లెక్కపెట్టి శుభాశుభాలు చూసేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. మన దగ్గర పేరుబలం చూసే పెద్దలు మీ ఇంట్లో ఉంటే వారికి ఈ సంగతి చెప్పండి, ఆసక్తిగా వింటారు. సూర్యచంద్రులకు 8, షోవా అక్షరానికి 9, సుజుకిగారి దానికి 11, స్ఫటికానికి 12, యోషినోగారి దానికి 14 గీతలు.

రెండు జాగ్రత్తలు. మొదటిది, అ, కి, ర మూడు ధ్వనులకు మూడు వేర్వేరు అక్షరాలు ఇచ్చే సైట్లు, పచ్చబొట్టు దుకాణాలు ఉన్నాయి. ధ్వని సరిపోతుంది, అర్థం మాత్రం మీరు కోరుకోనిదేదో వస్తుంది. వాటి జోలికి పోకండి. రెండోది, ఒకే అక్షరానికి జపాన్‌లో ఒక రూపం, చైనాలో ఒక రూపం ఉండవచ్చు. వేకువ అక్షరం జపాన్‌లో ఒకలా, చైనాలో మరోలా, తైవాన్‌లో ఇంకోలా ఉంటుంది. ముద్రణవాళ్లు కంప్యూటర్‌లో జపనీస్ ఫాంటే వాడారా అని అడగండి. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫును జపనీస్ చదవగలిగిన ఒకరికి చూపించండి. ఇక్కడ నాకు పంపినా సరే, చూసి చెబుతాను.

ఒకవేళ మీ బిడ్డ రేపు జపాన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళితే, అక్కడ పేరును విదేశీ పేర్లకు వాడే కతకానా లిపిలో మూడు ధ్వనులుగా రాస్తారు, నివాస కార్డు మీద రోమన్ అక్షరాలు ఉంటాయి. మీరు ఎంచుకున్న కంజి ఏ అధికారిక కాగితంలోనూ కనబడదు. అయినా అక్కడివారు పేరు వినగానే "ఏ అక్షరం" అని తప్పకుండా అడుగుతారు. ఏ అక్షరం ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో నాలుగు వాక్యాలు రాసి జనన ధ్రువపత్రంతో పాటు దాచి ఉంచండి.